గొంతులో దాగిన క్రిమి

హైదరాబాదునుండి నిజామాబాదునకు పోవు రాజమార్గముపై, అడవుల నడుమగా కొంత దూరము ప్రయాణించిన పిమ్మట ఇందల్వాయి యను గ్రామము వచ్చును. 2016లో అది మండల కేంద్రమైనది. ఆ చుట్టుప్రక్కల వరియు, మొక్కజొన్నయు, పసుపును పండును. పడమటి దిక్కునకు పోయినచో బోధను ప్రాంతపు చెరకు తోటలు కానవచ్చును. పెక్కు ఇండ్లలో స్త్రీలు ఒడిలో చేట పెట్టుకొని తునికాకుతో బీడీలు చుట్టుచుందురు. మార్గశిర పుష్య మాసములలో ఈ ప్రాంతమున చలి మెండు. రాత్రివేళ తలుపులు బిగించి, ఇంటిల్లిపాదియు ఒక్క గదిలోనే పండుకొందురు. ఒకరి దగ్గు మరియొకరికి అంటుకొనుట ఆ దినములలో సామాన్యము. ఆ దగ్గులకు ఎవరును భయపడరు. కాని "పిల్లవానికి డొక్కలెగురుచున్నవి" అను మాట వినబడిన యింటిలో ఆ రాత్రి ఎవరును నిదురింపరు.

డొక్కలెగురుట యనగా నేమి? మనము పీల్చిన గాలి శ్వాసనాళముల గుండ ఊపిరితిత్తులలోనికి పోవును. అచ్చట ద్రాక్షగుత్తులవలె లెక్కకు మిక్కిలిగా వాయుకోశములు కలవు. వాని గోడలు మిక్కిలి పలుచనివి. ఆ గోడల గుండనే గాలిలోని ప్రాణవాయువు రక్తములో కలియుచున్నది. ఏదైన క్రిమి ఆ కోశములలో ప్రవేశించి వృద్ధిపొందినచో, అవి వాచి, నీటితోను చీముతోను నిండిపోవును. గాలి నిండవలసిన చోట నీరు నిండినప్పుడు రక్తమునకు చాలినంత ప్రాణవాయువు అందదు. ఆ కొరతను తీర్చుటకై రోగి వేగముగా ఊపిరి పీల్చును. పసిబిడ్డ తన చిన్ని రొమ్ములోని బలమంతయు చేర్చి గాలిని లోనికి లాగుకొనుటకు ప్రయత్నించును. అప్పుడు ప్రక్కటెముకల క్రింది భాగము లోనికి పోవుచు పైకి లేచుచు నుండును. ఈ వ్యాధినే వైద్యులు న్యుమోనియా యందురు.

న్యుమోనియా పెక్కు కారణములచే కలుగును. కొన్ని వైరస్‌లు దానిని కలిగించును; కొన్ని సూక్ష్మక్రిములును కలిగించును. ఆ సూక్ష్మక్రిములలో పసిపిల్లలపాలిట మిక్కిలి ప్రమాదకరమైనది న్యుమోకాకస్. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము 2019లో అయిదేండ్ల లోపు పిల్లలు 7 లక్షల 40 వేలమంది న్యుమోనియాచే మరణించిరి. ఆ వయస్సులో కలిగిన మరణములలో ఇది నూటికి 14 వంతులు. ఒక్క న్యుమోకాకస్ వలననే 2015లో సుమారు 3 లక్షలమంది పసివారు అసువులు బాసిరని శాస్త్రజ్ఞుల అంచనా. వారిలో ఇంచుమించు సగముమంది నాలుగు దేశములకు చెందినవారు. ఆ నాలుగింటిలో మన భారతదేశము ఒకటి. కావున ఈ క్రిమి యెట్టిదో, అది యెట్లు సోకునో, దానిని ఎట్లు అరికట్టవచ్చునో తెలిసికొనుట మనకు అత్యవసరము.

న్యుమోకాకస్ మిక్కిలి చిన్నది. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో, అందొక భాగమంత యుండును. సూక్ష్మదర్శినితో చూచినప్పుడు ఇవి జంటజంటలుగా కనబడును. ఒక్కొక్కటి ఒక కొన కొంచెము మొనదేలి, బల్లెపు మొనను పోలియుండును. ఆ జంట చుట్టును దళసరియైన తొడుగు ఒకటి యుండును. ఈ తొడుగు దేనితో తయారైనదో తెలిసినచో బోధను ప్రాంతపు పిల్లలకు ఆశ్చర్యము కలుగును. అది చక్కెర జాతి పదార్థముల గొలుసులతో అల్లబడినది! చెరకు రసములోని చక్కెర మనకు బలము నిచ్చుచుండగా, ఈ చక్కెర గొలుసు క్రిమికి కవచమగుచున్నది. మన రక్తములోని తెల్ల కణములు లోనికి చొరబడిన క్రిములను పట్టి మ్రింగును. కాని ఈ కవచము గల క్రిమి వాని పట్టునకు చిక్కక జారిపోవును. కవచము లేని న్యుమోకాకస్ సామాన్యముగా నిరపాయకరము. కవచము గలదియే ప్రమాదకరము. ఆ కవచములో చక్కెర అమరికలోని భేదములనుబట్టి శాస్త్రజ్ఞులు ఈ క్రిమిలో నూరునకు మించిన రకములను గుర్తించియున్నారు.

ఈ క్రిమియందు గమనింపవలసిన విశేషము మరియొకటి కలదు. కలరా క్రిమి మురికి నీటిలో వచ్చును. మలేరియా దోమకాటుతో వచ్చును. న్యుమోకాకస్ అట్లు వెలుపలి శత్రువువలె రాదు. అది ఆరోగ్యముగా నున్నవారి ముక్కులోను గొంతులోను ఏ బాధయు కలిగింపక కాపురముండును. పెద్దలలో కంటె చిన్నపిల్లలలోనే ఇట్లు క్రిమిని మోయువారు ఎక్కువ. దగ్గినప్పుడును తుమ్మినప్పుడును వెలువడు తుంపరలతో అది ఒకరి గొంతునుండి మరియొకరి గొంతునకు ప్రాకును. అట్లు సోకిన ప్రతివానికిని జబ్బు చేయదు. కొన్ని వారములో నెలలో గొంతులో నుండి, అది దానంతట అదియే తొలగిపోవుటయు కలదు.

మరి ఎప్పుడు కీడు చేయును? మన శ్వాసనాళముల లోపలి గోడలపై అతి సూక్ష్మమైన రోమములు కలవు. అవి ఎడతెగక కదలుచు, దుమ్మును, కఫమును, క్రిములను పైకి నెట్టివేయుచుండును. పడిశెము, తట్టు, ఫ్లూ జ్వరము వంటివి వచ్చినప్పుడు ఆ గోడలు దెబ్బతినును. పొయ్యి పొగయు బీడీ పొగయు ఆ రోమములను బలహీనపరచును. పోషణ చాలని బిడ్డకు శరీరబలము తగ్గును. ఇట్లు కావలి సడలిన సమయము చూచి, గొంతులో నిశ్శబ్దముగా నున్న క్రిమి క్రిందికి దిగును. 1918లో లోకమంతట వ్యాపించి మన దేశములోను లక్షలాది జనులను బలిగొన్న ఫ్లూ జ్వరమందు, పెక్కుమంది ప్రాణములు తీసినది ఫ్లూ వైరస్ ఒక్కటియే కాదు. దాని వెనుకనే వచ్చిన న్యుమోకాకస్ మొదలగు క్రిముల వలని న్యుమోనియాయే వారిని కబళించినదని పిమ్మటి పరిశోధనలు తెలిపినవి.

ఈ క్రిమి చేరిన చోటునుబట్టి జబ్బు మారును. గొంతునుండి చెవిలోనికి పోవు సన్నని నాళము గుండ ప్రాకినచో చెవిపోటు కలిగి చీము కారును. ముఖపు ఎముకల లోపలి గదులలో చేరినచో తలబరువును, ముఖమున నొప్పియు కలుగును. ఊపిరితిత్తులలో దిగినచో న్యుమోనియా వచ్చును. అప్పుడు వణకుతో జ్వరము, దగ్గు, రొమ్మునొప్పి, ఎగపోత కలుగును. రక్తములో చేరినచో శరీరమంతయు విషమయమగును. అన్నిటికంటె ఘోరమైనది మెదడును కప్పియుండు పొరల వాపు. అప్పుడు తీవ్రమైన జ్వరము, తలనొప్పి, వాంతులు కలుగును; మెడ కొయ్యబారును. పసిబిడ్డలకు నడినెత్తిన మాడు ఉబ్బును. ఈ వ్యాధినుండి బ్రదికి బయటపడినను కొందరు పిల్లలు చెవుడు పాలగుదురు. మరికొందరికి బుద్ధి మందగించును. రెండేండ్ల లోపు పిల్లలకును, వృద్ధులకును, మధుమేహము, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కలవారికిని, ప్లీహము తీసివేయబడినవారికిని, పొగత్రాగువారికిని ఈ క్రిమివలన ముప్పు ఎక్కువ.

ఈ క్రిమిని కనుగొన్న కథ చిత్రమైనది. 1881లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, దీనిని వెల్లడించిరి. ఫ్రాన్సు దేశమున లూయీ పాస్చరు పిచ్చికుక్క కాటుచే మరణించిన ఒక బిడ్డ ఉమ్మిని కుందేళ్ళకు ఎక్కించి పరీక్షించుచుండెను. అమెరికాలో జార్జి స్టెర్న్‌బర్గు అను సైనిక వైద్యుడు తన ఉమ్మినే కుందేళ్ళకు ఎక్కించి చూచెను. రెండు చోట్లను కుందేళ్ళు మరణించెను. వాని రక్తములో జంటజంటలుగా క్రిములు కనబడెను. స్టెర్న్‌బర్గునకు అప్పుడు ఏ జబ్బును లేదు. ఆరోగ్యవంతుని నోటిలోనే ప్రాణాంతకమైన క్రిమి కాపురముండునని ఆ పరీక్షవలన తెలిసినది. అటుపిమ్మట కొలది యేండ్లలోనే ఈ క్రిమికిని న్యుమోనియాకును గల సంబంధము జర్మనీ, ఆస్ట్రియా దేశముల వైద్యులచే నిరూపింపబడినది.

న్యుమోకాకస్ మానవజాతికి చేసిన కీడు గొప్పదే. ఐనను దానిని పరిశోధించుటచే విజ్ఞానమునకు ఒక మహోపకారము జరిగినది. 1928లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ గ్రిఫిత్ అను వైద్యుడు, కవచము గల క్రిములను వేడిచేసి చంపి, వానిని కవచము లేని నిరపాయకరమైన క్రిములతో కలిపి ఎలుకలకు ఎక్కించెను. చచ్చిన క్రిమి చంపలేదు. కవచము లేనిదియు చంపలేదు. కాని రెంటిని కలిపి యెక్కించినప్పుడు ఎలుకలు మరణించెను. వాని రక్తములో కవచము గల క్రిములు సజీవముగా కనబడెను! చచ్చిన క్రిమినుండి ఏదో ఒక పదార్థము బ్రదికియున్న క్రిమిలో ప్రవేశించి, కవచము అల్లు విద్యను దానికి నేర్పినట్లయ్యెను. ఆ పదార్థమేమో తెలిసికొనుటకు న్యూయార్కులో ఆస్వాల్డు ఏవరీయు ఆయన సహచరులును ఏండ్ల తరబడి శ్రమించిరి. అది డి.ఎన్.ఎ. అని 1944లో వారు ప్రకటించిరి. తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు వచ్చుటకు మూలమైన పదార్థము ఇదియేనను జ్ఞానమునకు ఆ ప్రయోగము పునాది యయ్యెను.

ఇక చికిత్స సంగతి చూతము. ఈ క్రిమిని చంపు మందులు పూర్వము లేకుండెను. వ్యాధి సోకిన గుఱ్ఱముల రక్తమునుండి కాదు, క్రిములను ఎక్కించి శక్తి కలిగించిన గుఱ్ఱముల రక్తరసమునుండి తయారుచేసిన మందును కొన్ని దేశములలో వాడిరి. అది క్రిమి రకమును గుర్తించిన తరువాత మాత్రమే పనికివచ్చెడిది. పిమ్మట సల్ఫా మందులు వచ్చెను. అలెగ్జాండరు ఫ్లెమింగు 1928లో కనుగొన్న పెన్సిలిన్, 1940 తరువాత మందుగా వాడుకలోనికి వచ్చి, న్యుమోనియా చికిత్సను మార్చివేసెను. ఈ వైద్య చరిత్రలో మన తెలుగువాని పాత్రయు కలదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునందును మద్రాసునందును విద్య నభ్యసించి, 1923లో అమెరికా వెడలిన యల్లాప్రగడ సుబ్బారావు, అచ్చట లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనలకు అధిపతియయ్యెను. ఆయన ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు, మన్నులో పెరుగు ఒక సూక్ష్మజీవినుండి బంగారు వన్నె గల మందును సంపాదించెను. దానికి ఆరియోమైసిన్ అని పేరు. న్యుమోకాకస్‌తోపాటు పెక్కు జాతుల క్రిముల పెరుగుదలను అది ఆపగలిగెను. 1948లో ఆ మందు లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే సుబ్బారావు తన 53వ యేట దివంగతుడయ్యెను.

ఇట్టి మందులు చేతికి వచ్చిన పిమ్మట వైద్యలోకమున ఒక భావము ప్రబలెను. న్యుమోనియాకు మందు ఉన్నది గదా, ఇక దానికి టీకా యెందుకని పలువురు తలంచిరి. ఆ భావము సరికాదని చూపినవాడు రాబర్టు ఆస్ట్రియన్ అను అమెరికా వైద్యుడు. న్యూయార్కులోని బ్రూక్లిన్ ఆసుపత్రిలో చేరిన రోగుల లెక్కలను ఆయన పది సంవత్సరములపాటు జాగ్రత్తగా సేకరించెను. 1964లో ఆయన ప్రకటించిన ఫలితములు వైద్యులను ఆలోచింపజేసినవి. క్రిమి రక్తములో చేరినవారిలో, జబ్బు మొదలైన తొలి అయిదు దినములలో మరణించువారి సంఖ్యను పెన్సిలిన్ తగ్గింపలేకపోయెను. క్రిమి అప్పటికే శరీరమునకు చేయవలసిన హాని చేసియుండెను. ఇల్లు సగము కాలిన తరువాత తెచ్చిన నీరు మంటను ఆర్పవచ్చును గాని, కాలిన సగమును తిరిగి నిలుపజాలదు. మందు ఎంత గొప్పదైనను దానికి సమయము కావలెను. తీవ్రమైన జబ్బు ఆ సమయము నీయదు. ఆస్ట్రియన్ పరిశోధన నేర్పిన నీతి యిదియే.

మరియొక చిక్కును వచ్చిపడినది. మందులను అవసరము లేనప్పుడును, అరకొరగాను వాడుటచే, వానికి లొంగని న్యుమోకాకస్ రకములు పుట్టుకొచ్చినవి. 1967లో ఆస్ట్రేలియాలోను, 1977లో దక్షిణాఫ్రికాలోను పెన్సిలిన్‌కు లొంగని క్రిములను గుర్తించిరి. ఈ కారణములచేత, జబ్బు వచ్చిన తరువాత పోరాడుట కంటె రాకముందే అడ్డుకట్ట వేయుట మేలని తేలినది.

టీకా ప్రయత్నము మందులకంటె పాతదే. 1911లో సర్ ఆల్మ్‌రాత్ రైట్ అను వైద్యుడు దక్షిణాఫ్రికా బంగారు గనులలో దానిని ప్రారంభించెను. దూరప్రాంతములనుండి వచ్చిన కార్మికులు ఇరుకు కొట్టములలో క్రిక్కిరిసి నివసించుచు, న్యుమోనియాచే గుంపులుగా మరణించుచుండిరి. రైట్ చచ్చిన క్రిములతో టీకా వేసెను; కాని ఈ క్రిమిలో పెక్కు రకములున్న సంగతి అప్పటికి సరిగా తెలియనందున, ఫలితము తృప్తికరముగా లేకుండెను. పిమ్మట శాస్త్రజ్ఞుల దృష్టి క్రిమి కవచముపై పడినది. ఆ చక్కెర గొలుసును మాత్రము వేరుచేసి మనిషికి ఎక్కించినచో, శరీరము దానిని గుర్తించి ప్రతిరక్షకములను తయారుచేసికొనును. అవి క్రిమి కవచమునకు అంటుకొనగానే తెల్ల కణములకు పట్టు దొరకును. ఆస్ట్రియన్ కృషి ఫలితముగా 14 రకముల కవచములు గల టీకా 1977లోను, 23 రకములు గల టీకా 1983లోను వాడుకలోనికి వచ్చెను. ఈ రెండవదానిని పెద్దలకు నేటికిని ఇచ్చుచున్నారు.

కాని ఎవరికి రక్షణ మిక్కిలి అవసరమో, ఆ పసిబిడ్డలకే ఈ టీకా పనిచేయలేదు. రెండేండ్లు నిండని బిడ్డ శరీరము వట్టి చక్కెర గొలుసును శత్రువుగా గుర్తింపజాలదు. ఈ చిక్కునకు ఉపాయము పూర్వమే దొరికియుండెను. డి.ఎన్.ఎ. విషయమును తేల్చిన ఏవరీయే, 1929లో గోబెల్ అను సహచరునితో కలిసి, చక్కెర పదార్థమును మాంసకృత్తుతో జతపరచినచో శరీరము దానిని బాగుగా గుర్తించునని చూపెను. దీనిని ఒక పోలికతో చెప్పవచ్చును. చీకటిలో నిశ్శబ్దముగా చేనిలో దూరిన పశువును మంచెపైనున్న కావలివాడు గమనింపకపోవచ్చును. దాని మెడకు గంట కట్టినచో వెంటనే తెలిసికొనును. ఆ పశువు జాడలను ఒకమారు గుర్తుపట్టిన కావలివాడు, మరునాడు గంట లేక వచ్చినను దానిని వదలడు. టీకాలో చక్కెర గొలుసునకు జతపరచిన మాంసకృత్తు ఆ గంట వంటిది. ఇట్టి జంట టీకా 7 రకముల క్రిములకు ప్రతిగా 2000 సంవత్సరమున అమెరికాలో వాడుకలోనికి వచ్చెను. తరువాత 10 రకములు, 13 రకములు గలవియు వచ్చినవి.

ఆ టీకా వేయ నారంభించిన దేశములలో ఒక వింత కనబడెను. టీకా వేసినది పసిబిడ్డలకు; కాని జబ్బు వారి తాతలకును అవ్వలకును తగ్గెను! పిల్లల గొంతులలో క్రిమి నివాసము తగ్గినందున, వారినుండి వృద్ధులకు సోకుటయు తగ్గెను. ఒక బిడ్డకు వేసిన సూది ఇంటిలోని వారినందరిని కాచినట్లయ్యెను. ఐతే టీకాలో లేని రకములు కొన్ని ఆ ఖాళీ చోటను ఆక్రమించుటయు కలదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు టీకాలోని రకముల సంఖ్యను పెంచుచు వచ్చుచున్నారు.

మన దేశమున ఈ టీకా 2017లో ప్రభుత్వ కార్యక్రమములో చేరెను. మొదట హిమాచల ప్రదేశమునందును, బీహారు, ఉత్తర ప్రదేశములలోని కొన్ని జిల్లాలలోను వేసిరి. 2021లో అది తెలంగాణము, ఆంధ్రప్రదేశములతో సహా దేశమంతటికిని విస్తరించెను. ఆరు వారములు నిండినప్పుడు ఒకటి, పదునాలుగు వారములకు రెండవది, తొమ్మిది నెలలకు బలము నిచ్చునది ఒకటి, ఇట్లు మూడు మార్లు తొడకు సూదితో వేయుదురు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఇది ఉచితము. ఈ టీకాల తయారీలోను మన దేశము వెనుకబడలేదు. పూనాలోని సీరం సంస్థ 10 రకముల టీకాను 2020లో వెలువరించెను. హైదరాబాదు నగరములోని బయొలాజికల్ ఈ సంస్థ 14 రకముల టీకాను తయారుచేయగా, 2022 డిసెంబరులో దానికి కేంద్ర ప్రభుత్వపు అనుమతి లభించెను. ఇందల్వాయి గుండ పోవు రాజమార్గము తుదను గల నగరములోనే ఈ కవచము తయారగుచున్నదనుట మనకు సంతోషదాయకము.

టీకా వేయించినంత మాత్రమున మన బాధ్యత తీరదు. అన్ని రకముల న్యుమోకాకస్ క్రిములను గాని, న్యుమోనియా కలిగించు ఇతర క్రిములను గాని అది ఆపజాలదు. కావున ఇంటిలో చేయవలసిన పనులు కొన్ని కలవు. బిడ్డకు ఆరు నెలలు నిండు వరకు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెను. ఆ పాలలో తల్లి సంపాదించిన రక్షణ కొంత బిడ్డకు చేరును. పిమ్మట పాలతోపాటు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు మొదలగు బలమైన ఆహారము పెట్టవలెను. కట్టెల పొయ్యి మండుచున్న చోట బిడ్డను పండుకొనబెట్టరాదు. పొగ పోవుటకు దారి యుండవలెను. బిడ్డయున్న గదిలో బీడీ త్రాగరాదు. బీడీలు చుట్టు తల్లులు పొగాకు చేటను బిడ్డకు దూరముగా నుంచి, చేతులు సబ్బుతో కడుగుకొనిన పిమ్మటనే బిడ్డ నెత్తుకొనవలెను. దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకొనవలెను. చలికి వెఱచి తలుపులన్నియు మూసివేయక, గాలి ఆడుటకు ఒక కిటికీనైన తెఱచియుంచవలెను.

ఇక జబ్బును వేళకు గుర్తించుట ఎట్లు? దీనికి పెద్ద చదువుగాని, విలువైన పరికరములుగాని అక్కరలేదు. క్షణముల ముల్లు గల గడియారము చాలును. ఎనిమిదవ తరగతి విద్యార్థి చక్కగా చేయగల పని యిది. దగ్గు, జ్వరము ఉన్న బిడ్డ ఏడ్వక, పాలు త్రాగక, నెమ్మదిగా నున్నప్పుడు, చొక్కా పైకి లేపి పొట్టను గమనింపవలెను. పొట్ట లేచి దిగినచో ఒక ఊపిరి. పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలెను. సగము నిమిషము లెక్కించి రెట్టించినచో పొరపాటు రావచ్చును. రెండు నెలలు నిండని బిడ్డ నిమిషమునకు 60 మార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీసినచో అది ప్రమాద సూచన. రెండు నెలలు మొదలు ఏడాది లోపు బిడ్డకు ఆ సంఖ్య 50. ఏడాది మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు 40. ఆ సంఖ్యను ముట్టినచో ఆలస్యము చేయక ఆశా కార్యకర్తకు తెలిపి, ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. డొక్కలు లోనికి పోవుచున్నను, బిడ్డ పాలు త్రాగలేకపోయినను, మగతగా పడియున్నను, మూర్ఛ వచ్చినను, పెదవులు నీలివన్నె తిరిగినను, క్షణమైనను ఆగక 108 బండిని పిలిపించి పెద్దాసుపత్రికి చేర్చవలెను.

కొన్ని పల్లెలలో డొక్కలెగురు బిడ్డకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట, పసరులు పోయుట వంటి ఆచారములు ఉండెడివి. అవి పూర్తిగా పోలేదు. వాత పెట్టినందున ఊపిరితిత్తిలోని చీము తగ్గదు. కాలిన గాయము మాత్రము బిడ్డకు అదనముగా కలుగును. అంతకంటె విలువైన సమయము వ్యర్థమగును. తొలి దినములే ప్రాణము నిర్ణయించునని ఆస్ట్రియన్ లెక్కలు చెప్పిన మాటను ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వైద్యుడు ఇచ్చిన మందును ఆయన చెప్పినన్ని దినములు వాడవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానరాదు. పొరుగింటి బిడ్డకు మిగిలిన మందును మన బిడ్డకు పోయరాదు.

బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. ఐనను చెరకు నరకుటకును, ఇటుకలు కాల్చుటకును, ఇతర పనులకును కుటుంబములు ఊరు విడిచి ఊరు పోవుట తెలుగునాట నేటికిని కలదు. అట్టి వారు పొలముల గట్లపై గుడిసెలు వేసికొని చలిలో నివసింతురు. వారి పిల్లలకు ఒక టీకా ఒక ఊరిలో పడును; రెండవదానికి గడువు వచ్చునప్పటికి వారు మరియొక ఊరిలో నుందురు. జబ్బు ముప్పు ఎవరికి ఎక్కువయో వారికే రక్షణ తప్పిపోవుచున్నది. తల్లి చేతిలోని టీకా కార్డు ఏ ఊరి ఆరోగ్య కేంద్రమునందైనను చెల్లును; తప్పిన టీకాను అచ్చట వేయించుకొనవచ్చును. ఈ సంగతి తెలియని కుటుంబములు పెక్కు కలవు. చదువుకొనిన పిల్లలు వారికి ఈ మాట చెప్పినచో, కార్డులోని తేదీలను చదివి వినిపించినచో, అది చిన్న సేవ కాదు.

న్యుమోకాకస్ రేపో మాపో లోకమునుండి మాయమగునని ఎవరును చెప్పలేదు. అది మన గొంతులలోనే యున్నది, ఇకముందును ఉండును. కాని గొంతునుండి ఊపిరితిత్తులకు పోవు త్రోవలో దానిని ఆపు కావలివారిని నిలుపుట మన చేతిలోని పని. మూడు సూదులు, తల్లిపాలు, పొగ లేని గది, వేళకు లెక్కించిన ఊపిరి, ఇవియే ఆ కావలివారు. మీ ఇంటిలోనో, పొరుగింటిలోనో చంటిబిడ్డ యున్నచో, నేడే ఆ బిడ్డ టీకా కార్డును అడిగి చూడుడు. ఆరు వారములు, పదునాలుగు వారములు, తొమ్మిది నెలలు అను మూడు గడులలోను తేదీలు వ్రాయబడియున్నవో లేవో గమనింపుడు. ఖాళీగా నున్న గడి కనబడినచో, ఆ సంగతి ఆ తల్లికి వెంటనే తెలుపుడు.